బంధుత్వం గడిలో ఎర్ర గీత

1979 జూన్‌లో నన్ను కార్మిక బీమా ఇన్‌స్పెక్టరుగా అనంతపురానికి వేశారు. అంతకు ముందు మూడేళ్ళు హైదరాబాదులో బల్ల ముందు కూర్చుని ఇతర ఇన్‌స్పెక్టర్లు పంపిన రిపోర్టుల్లో తప్పులు వెతికినవాణ్ణి. తప్పులు పట్టడంలో నాకు మంచి పేరుండేది. నా సొంత ఊరు కడప దగ్గర కాబట్టి ఈ సీమ ఎండలు, ఈ భాష నాకు కొత్త కావు. ఆఫీసు అనంతపురంలో, పని ఎక్కువగా గుంతకల్లులో. వారానికి మూడు రోజులు బస్సులోనో ప్యాసింజరు బండిలోనో గడిచిపోయేవి. నేను మొదటినుంచీ కుదురు లేని మనిషిని. బండి పది నిమిషాలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకు పదిసార్లు నడిచేవాణ్ణి. ఇన్‌స్పెక్టరుకు అది మంచి గుణమే అని మా పై ఆఫీసరు ఒకసారి అన్నారు. ఆయన మాట ఎంత తప్పో తెలియడానికి ఏడాది పట్టింది.

ఈ పని గురించి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీలో చట్టం చెప్పిన సంఖ్యకు తగ్గకుండా మనుషులుంటే, యజమాని ప్రతి కార్మికుడినీ బీమాలో చేర్చాలి. జీతంలోంచి కార్మికుడి వాటా కొంత, తన వాటా కొంత కట్టాలి. దాంతోపాటు కార్మికుడి కుటుంబ వివరాలు డిక్లరేషన్ ఫారంలో నింపి, నిజమేనని సంతకం పెట్టి మాకు పంపాలి. ఆ ఫారం చూసి మేము కార్డు ఇస్తాం. ఆ కార్డు చూసి బీమా డిస్పెన్సరీలో డాక్టరు మందిస్తారు. భార్యకు వైద్యం అందడమనేది యజమాని దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. కానీ ఆ బాధ్యత అంతా చివరికి ఒక ఫారంలో, ఒక వరుసలో, 'బంధుత్వం' అనే గడిలో వచ్చి నిలబడుతుంది. గడిలో 'భార్య' అని ఉంటే ఆమెకు హక్కు ఉంది. మరో మాట ఉంటే లేదు.

గుంతకల్లు ఊరిబయట ఒక వేరుశనగ మిల్లు ఉండేది. యజమాని పేరు వీరభద్రప్ప అనుకుందాం. అరవై దాటిన మనిషి, తెల్లపంచె, మాటలో కన్నడ యాస. తొమ్మిది మంది పేర్లు మాత్రమే బీమాలో రాయించి, మిగతావాళ్ళు సీజనుకు వచ్చిపోయే కూలీలని చెప్పుకుంటూ వచ్చాడు. అందులో ఒక చట్టపు కిటుకు ఉంది. వేరుశనగ కాయలు ఒలవడం సీజను పని కాబట్టి అలాంటి మిల్లును చట్టం వదిలేసింది. నూనె ఆడించడాన్ని మాత్రం వదల్లేదు. ఆయన మిల్లులో రెండూ జరిగేవి. సీజను మిల్లని ఆయన, కాదని మా శాఖ.

నేను ఆగస్టులో వెళ్ళాను. కావాలనే ఆ నెల ఎంచుకున్నాను. కొత్త కాయ రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఒలిచే మిషన్లకు గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. అయినా లోపల నూనె తీసే ఎక్స్‌పెల్లర్లు గడగడమని తిరుగుతున్నాయి. మనుషుల్ని నిలబెట్టి లెక్కపెట్టాను, నలభై ఒక్కరు. ఇన్‌స్పెక్షన్ పుస్తకంలో అదంతా రాసి సంతకం పెట్టాను. ఆ పుస్తకం ఫ్యాక్టరీలోనే ఉంటుంది. మేం అందులో రాసిన మాటకు కోర్టులో సాక్ష్యం విలువ ఉంటుంది.

అదే రోజు, మిగిలిన ముప్ఫై ఇద్దరికీ అక్కడికక్కడే ఫారాలు నింపించాను. గుమాస్తా రంగయ్య బల్ల మీద కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచాడు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారని అడిగి పేర్లు రాశాడు, ప్రతి పేరుకూ 'ఇది నీకేమైతాది?' అని అడిగి గడి నింపాడు. నింపిన ఫారం నా చేతికి వచ్చేది. మనవాళ్ళకు కుటుంబమంటే ఒక పొయ్యి మీద తినేవాళ్ళందరూ. అత్త, బావమరిది, చిన్నాయన కొడుకు, ఇంట్లో ఉన్నవాళ్ళందరి పేర్లూ చెప్పేశారు. చట్టానికి కుటుంబమంటే వేరే. నేను ఎర్ర పెన్ను తీసి వరుసగా కొట్టేసుకుంటూ పోయాను. మూడు గంటల బండి అందుకోవాలి. పోగా పోగా పేర్లు చదవడం మానేసి బంధుత్వం గడి ఒక్కటే చూశాను. ఆ వేగం నాకు గర్వంగా కూడా అనిపించింది.

సెప్టెంబరులో వీరభద్రప్ప, తనది సీజను మిల్లే, చట్టం వర్తించదు అని బీమా వివాదాలు వినే కోర్టుకు వెళ్ళాడు. మా తరఫున ఉన్న ముఖ్యమైన ఆధారం నేను ఆగస్టులో రాసిన ఆ ఒక్క పేజీ. కేసు తేలేదాకా కార్మికులకు బీమా నడుస్తుంది. మేము ఓడితే నలభై ఒక్క కుటుంబాల కార్డులూ చిత్తు కాగితాలవుతాయి.

1980 ఫిబ్రవరిలో ఓబులేసు అనే అతను అనంతపురం ఆఫీసుకు వచ్చాడు. ఎక్స్‌పెల్లరు దగ్గర పనిచేసేవాడు, ఆ మిల్లులో తొమ్మిదేళ్ళ సర్వీసు. చొక్కా అంతా నూనె మరకలు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"మా ఇంట్లో ఆమెకు దగ్గుతో రగతం పడతాండాది సార్. డిస్పెన్సరీకి పిల్చుకుపోయినా. డాక్టరమ్మ క్షయ అన్నెది. దినామూ సూది ఎయ్యల్ల, మాత్రలు ఏడాదిన్నర మింగల్ల అన్నెది. కార్డులో పేరు లేదు, ఎట్లియ్యల్ల అంటాది."

కార్డు చూశాను. అతని పేరు, ఇద్దరు పిల్లల పేర్లు. భార్య పేరు లేదు. బీరువాలోంచి అతని ఫారం తీయించాను. మూడో వరుసలో సుంకమ్మ, వయసు ఇరవై ఆరు. బంధుత్వం గడిలో రంగయ్య గుండ్రటి దస్తూరీలో 'అక్క కూతురు' అని ఉంది. దాని మీదుగా ఎర్ర గీత, పక్కన నా పొడి సంతకం.

నీ భార్య పేరు ఎందుకు రాయించలేదని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. ఇదే కదా సార్, సుంకమ్మే కదా అన్నాడు. మరి అక్క కూతురని ఉందేమిటని గట్టిగానే అడిగాను. దానికి ఓబులేసు చెప్పాడు:

"అక్క కూతురు కాబట్టే కద సార్ చేసుకునింది."

మా అమ్మ మా నాయనకు అక్క కూతురు. మా నాయన వాళ్ళ అక్కే మా అమ్మమ్మ. ఆ ఇంట్లో పుట్టి, అమ్మ చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి, ఆ రెండు మాటలు చూసి కూడా చెయ్యి ఆగలేదు. ఇద్దరు పిల్లల పేర్లున్న ఫారంలో భార్య ఎక్కడని కూడా అడగలేదు. చనిపోయిందేమో అనుకున్నట్టు లీలగా గుర్తు. బతికున్న మనిషిని మూడు గంటల బండి కోసం చంపేశాను. నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గును ఓబులేసుకు కనబడనివ్వలేదు. చూస్తాను, రెండు రోజుల్లో సరిచేయిస్తాను అని పంపించాను.

మర్నాడే గుంతకల్లు వెళ్ళాను. రంగయ్య తప్పు తనది కాదన్నాడు. "నేను అడిగినా సార్, నీకేమైతాది అని. అక్క కూతురన్న్యాడు. ఉన్నెదే రాసినా." నిజమే. అతను అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు అది. మా వైపు మేనమామను చేసుకున్న పిల్ల పెళ్ళయ్యాక కూడా అక్క కూతురుగానే ఉంటుంది. మొదట పుట్టుకతో వచ్చిన వరుస చెబుతారు, పెళ్ళితో వచ్చినది అందరికీ తెలిసిందే కదా అని వదిలేస్తారు.

సవరణకు పద్ధతి ఒకటే. యజమాని కొత్త ఫారం నింపి, సంతకం పెట్టి పంపాలి. వీరభద్రప్ప నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. అంతా విన్నాడు. ఓబులేసు ఇంట్లో బాగలేదని తనకూ తెలుసనీ, సెలవు కావాలంటే ఇస్తున్నాననీ చెప్పాడు. తర్వాత ఇన్‌స్పెక్షన్ పుస్తకం తెప్పించి నా ముందు పెట్టాడు.

"కొట్టింది నువ్వు. నేను కొట్టలేదు. ఆ దినం చూసుకోకుండా కొట్టేసినా అని ఈడ రాయప్పా. రాస్తే సాయంత్రానికి ఫారం పంపిస్తా."

ఆయన ఎందుకు అడుగుతున్నాడో ఇద్దరికీ తెలుసు. ఆగస్టు నాటి పేజీ పక్కనే, ఆ రోజు పని తొందరలో చూసుకోకుండా చేశానని నా చేత్తో రాస్తే, ఆయన వకీలు కోర్టులో అడిగే మొదటి ప్రశ్న ఏమిటో చిన్నపిల్లవాడైనా చెబుతాడు. ఫారాలు చూసుకోనివాడు మనుషుల్ని మాత్రం సరిగ్గా లెక్కపెట్టాడా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాస్తే నలభై ఒక్క కుటుంబాల కేసు బలహీనపడుతుంది. రాయకపోతే ఒక ఆడమనిషి సూది లేకుండా ఉంటుంది. ఆలోచించి చెబుతానని లేచాను. అలా లేచినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

తర్వాత నాలుగు నెలలు నేను రాయకుండా ఉండటానికి ఎన్ని దారులుంటే అన్నీ తొక్కాను. మా ఆఫీసు మేనేజరును, మీరే కార్డులో పేరు చేర్చండి అని అడిగాను. ఆయన ఫారం తిరగేసి, మీ సంతకంతో కొట్టేసినది నేను చేరిస్తే రేపు ఆడిట్లో నా మెడకు చుట్టుకుంటుంది అన్నాడు. డాక్టరమ్మను కలిశాను. ఆమె మంచి మనిషి, తన దగ్గరున్న శాంపిల్ మాత్రలు అప్పటికే ఇచ్చింది, కానీ సూదిమందు స్టాకు కార్డు నంబరు మీదే దిగాలి. హైదరాబాదుకు స్పష్టత కోరుతూ రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆరు వారాలకు జవాబు వచ్చింది. 'నిబంధనల ప్రకారం తగు చర్య తీసుకోవలసినది' అని ఒక్క వాక్యం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ కథలో పూజారిని నేనే అయ్యుండి ఇంకో పూజారి కోసం వెతుకుతున్నాను.

ఈలోగా ఓబులేసు ఆమెను అనంతపురంలో పెద్దాసుపత్రికి తీసుకువచ్చేవాడు. అక్కడ పదిహేను రోజులకు సరిపడా మాత్రలిచ్చేవారు, ఉన్నప్పుడు. రోజూ వేయాల్సిన సూది కోసం గుంతకల్లు నుంచి రోజూ ఎవరొస్తారు? డిస్పెన్సరీ ఏమో అతని ఇంటికి అయిదు నిమిషాల నడక.

నాకు ఇంట్లో కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నానని మా ఆవిడ గమనించి, ఆఫీసులో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె పేరు నా సర్వీసు కాగితాల్లో పెళ్ళైన నెలలోనే ఎక్కింది. ఆమె మీకేమవుతుందని ఎవరూ ఎర్ర పెన్నుతో రాలేదు.

జూన్ మొదటివారం. గుంతకల్లు స్టేషనులో మధ్యాహ్నం బండి కోసం తిరుగుతున్నాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. నీళ్ళ కుళాయి దగ్గర, నీడ ఉన్న బెంచీ మీద ఓబులేసు కనిపించాడు. పక్కన బక్కచిక్కిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. అనంతపురం ఆసుపత్రికి బయల్దేరారు. నన్ను చూసి ఓబులేసు లేచాడు. ఆమె కూడా లేవబోయింది, వద్దన్నాను.

"మిల్లు పని మీద వచ్చే సారు" అని ఆమెకు చెప్పాడు. అంతే చెప్పాడు. ఈయనే కొట్టేసినాయన అని చెప్పలేదు. ఆమె నాకు దండం పెట్టింది.

అతను తిట్టి ఉంటే నేను ఇంకో ఉత్తరం రాసేవాణ్ణేమో. ఆ దండం మాత్రం తట్టుకోలేకపోయాను. బండి వచ్చి నిలబడితే వాళ్ళను ఎక్కించాను, నేను ఎక్కలేదు. ఊరిబయట మిల్లుదాకా ఆ ఎండలో నడిచాను. వీరభద్రప్ప గద్దె మీద పేపరు చదువుకుంటున్నాడు. పుస్తకం తెప్పించమన్నాను. నిలబడే రాశాను:

'గత ఆగస్టు తనిఖీలో ఓబులేసు ఫారంలో సుంకమ్మ పేరును అతనిని అడగకుండా, బండి టైముకు తొందరపడి కొట్టివేశాను. ఆమె అతని భార్య. తప్పు నాది. గుమాస్తాది గాని కార్మికునిది గాని కాదు.'

కింద తేదీ, పూర్తి సంతకం, హోదా. వీరభద్రప్ప కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. బండి సంగతి కూడా ఎందుకు రాసినావప్పా, అంత అక్కరలేదు కదా అన్నాడు. జరిగింది అదే అన్నాను. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. రంగయ్యను పిలిచి అప్పటికప్పుడు ఫారం నింపించి సంతకం పెట్టి నా చేతికే ఇచ్చాడు. మాట మీద నిలబడ్డాడని చెప్పాలి. నేను గేటు దాటుతుండగానే, ఆ పేజీకి నకలు తీసి వకీలుకు పంపమని రంగయ్యకు చెప్పడమూ వినబడింది. నాలుగో రోజున సుంకమ్మకు డిస్పెన్సరీలో మొదటి సూది పడింది.

కేసు విచారణకు వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. అనుకున్నట్టే వకీలు ఆ పేజీని పైకి చదివాడు, బండి మాట దగ్గర కొంచెం ఆగి మరీ చదివాడు. కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. నేను బోనులో తలవంచుకుని నిలబడ్డాను. వకీలు చదవడం పూర్తయ్యాక జడ్జిగారు ఆ లెక్క సంగతి అలా ఉంచి, మిల్లు కరెంటు బిల్లులు అయిదేళ్ళవి తెమ్మన్నారు. వచ్చే వాయిదాకు బిల్లులు వచ్చాయి. కరువు సంవత్సరాల్లో కూడా, కాయ లేని నెలల్లో కూడా మీటరు తిరుగుతూనే ఉంది. బయటినుంచి గింజ తెప్పించి నూనె ఆడిస్తూనే ఉన్నారు. సీజను మిల్లు కాదని తీర్పు వచ్చింది. తీర్పులో నా నలభై ఒక్కరి లెక్క గురించి ఒక్క ముక్క లేదు. నేను నాలుగు నెలలు కాపాడిన పేజీ ఎవరికీ అవసరం పడలేదు. ఆ బిల్లులు తెప్పించాలన్న ఆలోచన మొదటిరోజే నాకు రావలసింది, రాలేదు.

ఇన్‌స్పెక్షన్ పుస్తకంలో శాఖకు ఇబ్బంది కలిగించే రాత రాసినందుకు వివరణ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. ఇచ్చాను. హెచ్చరికతో వదిలేశారు. అది నా రికార్డులో రిటైరయ్యేదాకా ఉంది.

1981 చివర్లో డిస్పెన్సరీ రిజిస్టర్లు చూసే పని పడి గుంతకల్లు వెళ్ళాను. వరుసలో సుంకమ్మ ఉంది, మాత్రల కోసం. కొంచెం ఒళ్ళు వచ్చింది. ఒక పక్క ఊపిరితిత్తి మాత్రం ముడుచుకుపోయిందనీ, ఇక బరువు పనులు చెయ్యలేదనీ డాక్టరమ్మ నాతో చెప్పింది. నాలుగు నెలలు ముందు మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేదని నేను అడగలేదు, ఆమే చెప్పింది: అంత దూరం వచ్చేది కాదు.

బయటికి వస్తుంటే సుంకమ్మ నన్ను ఆపింది.

"కార్డులో నా పేరు కొట్టేసింది నువ్వేనంట కద సామీ?"

అవునమ్మా అన్నాను.

"మల్లా రాసిందీ నువ్వేనంట."

దానికీ అవునన్నాను. ఆమె గొంతులో కోపం లేదు. లెక్క తేలని విషయం అడుగుతున్నట్టు అడిగింది.

"కొట్టేదానికి ఒక గీత చాలింది. రాసేదానికి నాలుగు నెల్లు ఎందుకు పట్టింది?"

నా దగ్గర జవాబుంది. కేసు, పేజీ, నలభై ఒక్క కుటుంబాలు. అవి ఆమెకు చెప్పే జవాబులు కావు. వరుస కదిలితే ఆమె ముందుకు జరిగింది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఇదే ఉద్యోగం చేశాను. ఫారాలు చూసేటప్పుడు కార్మికుణ్ణి ఎదురుగా పిలిచి, ఈమె నీకేమవుతుంది అని కాకుండా, నీ పెళ్ళాం ఎవరు అని అడిగేవాణ్ణి. గుమాస్తాలకూ అలాగే అడగమని నేర్పాను. ఈ సీమలో ఆ రెండు ప్రశ్నలకూ వేరువేరు జవాబులు వస్తాయి. ఇది పని గురించి నేర్చుకున్నది. రెండోది నా గురించి నేర్చుకున్నది. ఆఫీసరు తన పొరపాటు ఒప్పుకోవడానికి ఎన్నాళ్ళు ఆలోచిస్తాడో, అన్నాళ్ళూ ఎవరో ఒకరు మందు లేకుండా ఉంటారు.